నిషేధం రోజుల సముద్రం

మా అయ్య తెడ్డు వేస్తే మా ఆఫీసులో తెలుస్తుంది. అయ్యకి ఆ సంగతి తెలీదు. చెప్పకూడదని మా ఆఫీసు వాళ్లు నా చేత కాగితం రాయించుకున్నారు.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు దాటాక సముద్రం వైపు తిరిగిన తెల్లటి మేడ ఒకటుంది. బోర్డు మీద 'సాగర శ్రవణ కేంద్రం' అని ఉంటుంది గానీ లోపల పనిచేసే మేమంతా దాన్ని చెవి అనే అంటాం. ఒడ్డు వెంబడి ఉత్తరంగా ఎనిమిదొందల కిలోమీటర్ల పొడవున, సరిహద్దు గీత దాకా, సముద్రం అడుగున గాజుతీగ పరిచాం. పైన ఎవరు తెడ్డు వేసినా, ఇంజిను తిప్పినా, చివరికి పడవలో నిలబడి దగ్గినా ఆ తీగ వణుకుతుంది. ఆ వణుకు ఎవరిదో యంత్రం చెబుతుంది. యంత్రానికి శబ్దాలు నేర్పిన పంతులమ్మని నేను. పేరు గరికిన నూకరత్నం, జాలరి పోలయ్య కూతుర్ని.

మే పద్నాలుగు సాయంత్రం నాలుగూ యాభైకి తెర మీద ఆకుపచ్చ చుక్క ఒకటి మెల్లగా కదిలింది. పక్కన యంత్రం రాసింది: "తెప్ప. ఇంజిను లేదు. ఒక మనిషి. ఎడమచేతి వాటం." అది మా అయ్యే. రోజూ ఆ చుక్కని చూసి, క్షేమంగానే ఉన్నాడనుకుని టీ తాగడం నాకలవాటు. ఆ రోజు టీ చల్లారిపోయింది. అయ్య తెప్పకి అర కిలోమీటరు అవతల ఎర్ర చుక్క వెలిగింది. "జలాంతర్గామి. చిన్నది. ఎవరిదో తెలియదు. నమ్మకం తొంభై ఒక్క శాతం."

మా గదిలో అందరూ లేచి నిలబడ్డారు. నా దగ్గర పనిచేసే గుంటూరమ్మాయి రుబీనా గట్టిగానే "యా అల్లా" అనేసింది.

ఇక్కడ ఒక చట్టం సంగతి చెప్పాలి. పన్నెండేళ్ల కిందట ఇలాంటి యంత్రమే ఒకటి సరుకుల ఓడని యుద్ధనౌక అనుకుంది. రెండు దేశాలు మూడు రోజులు ఒకరి మీద ఒకరు తుపాకులు గురిపెట్టుకుని కూర్చున్నాయి. ఆ సిగ్గుతో పార్లమెంటు చట్టం చేసింది. యంత్రం మాట మీద ఎవరూ ఆయుధం ఎత్తకూడదు. మూడు సంతకాలుండాలి. మొదటిది యంత్రానికి నేర్పిన మనిషిది, రెండోది నౌకాదళానిది, మూడోది ఢిల్లీది. చెవి విన్నదేదీ పదేళ్లదాకా చెరపకూడదు. యంత్రం తేల్చుకోలేని శబ్దమేదైనా వస్తే డ్యూటీలో ఉన్న మనిషి తన చేత్తో రాసి సంతకం పెట్టాలి, ఆ కాగితం అదే రోజు పార్లమెంటు కమిటీకి వెళ్లాలి. ఎవరైనా సంతకం నిరాకరిస్తే ఆ కాగితమూ అక్కడికే వెళ్లాలి.

నేను రాసిన నివేదిక ఇది: "జలాంతర్గామి కావచ్చు. తొమ్మిది శాతం సందేహం ఉంది. ఇరవై బారల లోతు మాత్రమే ఉన్న నీళ్లలో జలాంతర్గామి తిరగడం అరుదు. ఇంకా పరిశీలించాలి."

ఆ కాగితం మెట్లెక్కడం మొదలుపెట్టింది. విశాఖలో ఒక ఆఫీసు 'అరుదు' అన్న వాక్యం తీసేసింది, పెద్దవాళ్ల సమయం వృథా కాకూడదని. ఢిల్లీలో మొదటి అంతస్తులో 'కావచ్చు' పోయి 'అయ్యే అవకాశం ఎక్కువ' అయింది. రెండో అంతస్తులో శాతం ఎగిరిపోయింది. మూడో రోజు మంత్రిగారి బల్ల మీదికి చేరేసరికి "పొరుగు దేశపు జలాంతర్గామి మన గుమ్మంలో" అని ఒక్క ముక్క మిగిలింది. పొరుగు దేశమన్న మాట నేనెక్కడా రాయలేదు. ఎవరూ పెద్ద అబద్ధం ఆడలేదు కూడా. వంకాయలు తరిగేటప్పుడు పుచ్చు తీసేసినట్టు తలా ఒక అనుమానం తీసేశారంతే. పోలింగ్ ఇరవై రోజుల్లో ఉంది.

*

అదే వారం మా ఇంటికి వేరే కాగితం వచ్చింది. మత్స్యశాఖ వాళ్లు పంపారు. పొరుగు దేశం ఎనిమిది మంది జాలర్లని విడుదల చేస్తోంది, ఇరవై ఎనిమిదో తేదీన విమానంలో విశాఖ తెస్తున్నారు. ఆరో పేరు గరికిన దానేసు. మా తమ్ముడు.

ఫిబ్రవరి చివర వాళ్ల మర బోటు పారాదీప్ దాటాక ఇంజిను చెడిపోయింది. ఆ రోజుల్లో ప్రవాహం ఉత్తరానికి లాగుతుంది. నాలుగు రోజులు కొట్టుకుపోయి, గీత దాటి, అటువాళ్లకి దొరికిపోయారు. అప్పట్నుంచి జైల్లో ఉన్నారు.

అమ్మ పేరు చిన్నతల్లి. ఎండుచేపలమ్ముతుంది. ఆ కాగితం వచ్చిన దగ్గర్నుంచి ఆమె కాలు నేల మీద నిలవలేదు. వాడికి చారల చొక్కా కొంది, ఇంటికి సున్నం వేయించింది.

"ఒలే రత్తం, ఆడికి సొరపుట్టంటే పేణం. ఇరవై ఎనిమిదికి పుట్టు కూరకి ఓ సొరసేప తెమ్మని మీ అయ్యకి సెప్పు," అంది, అయ్య అక్కడే కూర్చుని తింటుంటే.

"బోట్లన్నీ కట్టేసున్నాయి, సొరెక్కడ్నుంచి తెత్తాను?" అన్నాడు అయ్య. "గొరక సేపలైతే సెప్పు, గంపలకొద్దీ తెత్తాను. ఈ యేడు ఆటి గోల ఇంతా అంతా కాదు. మొన్నట్నుంచీ రెండు కొండల గురుతు కాడ, ఇరవై బారల నీళ్లలో, జాతర సేత్తన్నాయి. తెడ్డు ముంచి ఇన్నానంటే సెవి గింగిర్లెత్తిపోతంది."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా చేపలు గుడ్లు పెట్టే రోజులని సర్కారు మర బోట్లని ఆపేస్తుంది. ఇంజిను లేని తెప్పలకి మాత్రం ఆ నిషేధం ఉండదు. అందుకే ఆ రెండు నెలలూ అయ్యలాంటి ముసలివాళ్లే నీళ్లమీద కనిపిస్తారు.

"ఎప్పుడరుస్తాయి అవి?" అన్నాను.

"పొద్దు వాలినప్పుడు మొదలెడితే మర్నాడు పొద్దెక్కేదాకా ఆపవు."

"ఏడాది పొడుగునా?"

"బోట్లు ఆపీసిన రోజుల్లోనే. ఆ ఇంజిన్ల రొదలో ఆటికి అరవబుద్దేత్తదేటి? అరిసినా ఎవుడికినిపిత్తది?"

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం అయ్యా?"

"నువ్వెప్పుడైనా అడిగినావేటే?" అన్నాడు, మజ్జిగ పోసుకుంటూ.

అడగలేదు. యంత్రానికి సముద్రం నేర్పడానికి రెండేళ్లు పట్టింది. మా వాళ్ల మర బోట్లనే అద్దెకి తీసుకుని, నీళ్లలోకి మైకులు దించి, ఏ శబ్దం ఎవరిదో వెళ్లి కళ్లతో చూసి, పేరు రాసి యంత్రానికి చెప్పాం. ఏప్రిల్ పదిహేను రాగానే పని ఆపేసేవాళ్లం. నిషేధమంటే సముద్రానికి సెలవు. మా వాడలో పుట్టినవాళ్లెవరూ దాన్ని ఇంకోలా ఆలోచించరు, నేనూ ఆలోచించలేదు. మద్రాసు నుంచో పూణే నుంచో వచ్చిన మనిషయితే "ఆ రెండు నెలలు ఎందుకు వదిలేశారు?" అని అడిగి ఉండేవాడు. తీగకి ప్రాణం పోసింది పోయిన జూలైలో. అంటే చెవి ఇంజిన్లు లేని సముద్రాన్ని వినడం ఇదే మొదటిసారి. లక్ష చేపలు ఒకే తాళంలో గొరగొరమంటే దానికి తెలిసిన వాటిలో దగ్గరగా వచ్చింది జలాంతర్గామి పంపు ఒక్కటే.

మర్నాడు సాయంత్రం అయ్య తెప్పెక్కాను. ఒడ్డు వైపు చూస్తే యారాడ కొండ కొస ఎడమకి, సింహాచలం కొండ వీపు ఎదురుగా వచ్చేదాకా తెరచాప మీద వెళ్లి అయ్య ఆగాడు. తెడ్డు నీళ్లలోకి నిలువుగా దించి, పిడి నా చెవికి ఆనించాడు. ముందు ఏమీ లేదు. తరవాత కర్రలోంచి నా దవడ ఎముకలోకి ఒక మోత ఎక్కింది. వందల గదుల్లో ఒకేసారి గంజి ఉడుకుతున్నట్టుంది. ఆ తాళాన్ని మూడు రోజులుగా తెర మీద గీతలుగా చూస్తున్నాను, తప్పు పట్టుకోవడానికి నాకు ఒక్క నిమిషం చాలింది. నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది.

*

ఢిల్లీ నుంచి పరిమి అనంతకృష్ణ దిగాడు. భద్రతా సలహా కార్యాలయంలో పెద్ద అధికారి, మూడో సంతకం ఆయనది. తెనాలి మనిషి, మర్యాదస్తుడు. నేను చెప్పిందంతా విని నోట్ చేసుకున్నాడు.

"మీరు వినాలి సార్," అన్నాను. "తెర మీద కాదు, నీళ్లలో."

వస్తాడనుకోలేదు. వచ్చాడు. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, బూట్లు ఒడ్డున డ్రైవరుకిచ్చి, తెప్ప మధ్యలో రెండు చేతులతో దుంగ పట్టుకుని కూర్చున్నాడు. ప్రతి అలకీ కళ్లు మూసుకున్నాడు గానీ వెనక్కి తిప్పమని అనలేదు. ఆ ధైర్యానికి ఆయన్ని మెచ్చుకోవాలి.

"బాబూ, సెవి ఆనించి ఊపిరి బిగబట్టు," అన్నాడు అయ్య.

అనంతకృష్ణ చాలాసేపు విన్నాడు. ముఖం చిన్నపిల్లాడి ముఖంలా విచ్చుకుంది. "ఇవన్నీ చేపలేనా?" అన్నాడు. అయ్య వల లాగి, ఒక గొరకని ఆయన చేతిలో పెట్టాడు. అది ఆయన అరచేతిలో గొరగొరమంది. నా పని అయిపోయిందనుకున్నాను.

ఒడ్డుకొచ్చాక ఆయన కాళ్లకంటిన ఇసుక దులుపుకుని బూట్లు వేసుకున్నాడు. అయ్య తెప్ప లాగుతూ దూరంగా ఉన్నాడు.

"విన్నారు కదా సార్," అన్నాను.

"విన్నాను మేడమ్. చేపలే."

"అయితే ఆ మాట రాస్తారా?"

"నేను విన్నదానికి ఫైల్లో గడి లేదండీ. మీ యంత్రం విన్నదానికే ఉంది. మంత్రిగారు నిన్న సభలో 'గుమ్మంలోకొచ్చిన దొంగని వదలం' అనేశారు. మాట ముందెళ్లిపోయింది. దాని వెనక ఆధారం వెళ్లాలి."

"అబద్ధపు ఆధారమా?"

"మీ యంత్రం తొంభై ఒకటి అన్నది అబద్ధం కాదుగా. దాని కింద సంతకం పెట్టండి చాలు."

"పెడితే ఏమవుతుంది?"

"నౌకాదళం అక్కడ నాలుగు నీటి బాంబులు వేస్తుంది. చేపలు చస్తాయి."

"అటువాళ్ల యుద్ధనౌక గీత అవతలే ఉంది. వాళ్లూరుకుంటారా?"

"ఊరుకోరు. ఊరుకోరు కాబట్టే మనం ముందుగా సిద్ధపడాలని పైన అంటున్నారు."

ఆయన ముఖంలోకి చూశాను. ఎగతాళి చేయడం లేదు. ఆ మాటని ఎన్నిసార్లు విన్నాడో గానీ, దానికి అలవాటు పడిపోయాడు.

"మా అయ్యలాంటి వాళ్లు నలభై మంది ఆ నీళ్లలోనే వేటాడతారు సార్. అటువైపూ అలాంటి వాళ్లే ఉంటారు."

"తెలుసు. మేడమ్, పైవాళ్లకి బలం ఎక్కువనుకుంటారు మీరు. నేను ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, వాళ్లకున్నదంతా భయం. కింద ఎవరో ఒకరు సంతకం పెట్టకపోతే తామన్నది ఉత్త మాటైపోతుందని." ఆగాడు. సముద్రం వైపు చూస్తూ, అదేదో ఇప్పుడే గుర్తొచ్చినట్టు అన్నాడు: "మీ తమ్ముడు ఇరవై ఎనిమిదిన వస్తున్నాడట. సంతోషమండీ. ఆ జాబితా మా కార్యాలయంలోంచే వెళ్తుంది. చివరి ప్రతి ఇంకా టైపు కాలేదు. టైపింగులో ఒక్కోసారి పేర్లు జారిపోతుంటాయి. అలా జారకుండా నేను దగ్గరుండి చూస్తాను. మీ పని కాగానే."

గొంతు పెంచలేదు, బెదిరించలేదు. ఆ నిమిషం ఆయన చెంప మీద కొట్టి ఉంటే ఇంత కథ ఉండేది కాదేమో.

*

అమ్మకి చెప్పని సంగతి ఒకటి నా దగ్గరుంది.

ఫిబ్రవరిలో దానేసు బోటు ఇంజిను ఆగిపోవడం చెవి విన్నది. నేనూ చూశాను. ఆ ఇంజిను గొంతు నాకు తెలుసు, దాన్ని యంత్రానికి నేర్పింది నేనే. తెర మీద ఆ చుక్క పక్కన "ఇంజిను ఆగింది. ఎనిమిది మంది. కొట్టుకుపోతోంది" అని వచ్చింది. కోస్టుగార్డుకి ఫోన్ చేస్తే గంటల్లో లాక్కొచ్చేవారు. కానీ చెవి ఎంత సన్నగా వింటుందో బయటికి పొక్కకూడదని నియమం. మామూలు పడవల సంగతి బయటికి చెప్పాలంటే ఢిల్లీ అనుమతి కావాలి. అర్జీ పెట్టాను. మళ్లీ పెట్టాను. ఆ చుక్క ఉత్తరానికి జరగడం నాలుగు రోజులు చూస్తూ కూర్చున్నాను. ఐదో రోజు అనుమతి వచ్చింది. అప్పటికి బోటు గీత దాటి ఏడు గంటలైంది.

నియమం పాటించినందుకు నన్ను మెచ్చుకుంటూ ఉత్తరం కూడా వచ్చింది. అది నా బీరువాలో ఉంది. తియ్యను, చింపను.

ఒకసారి నోరు మూసుకుని తమ్ముణ్ణి పోగొట్టుకున్నాను. ఇప్పుడు నోరు తెరిస్తే మళ్లీ పోగొట్టుకుంటాను. రెండు రోజులు సంతకం పెట్టేద్దామనే అనుకున్నాను. ఎవరో వేసే నాలుగు బాంబుల కంటే మా దానేసు నాకెక్కువ, అది దాచను. కానీ పెట్టాక ఏమవుతుందో ఆలోచించిన ప్రతిసారీ తెర మీద కొట్టుకుపోతున్న చుక్కే కనిపించింది. ఈసారి అందులో ఎనిమిది మంది కాదు. రెండు ఒడ్ల మీద ఉన్న వాడలన్నీ ఉన్నాయి.

*

మే ఇరవై రెండు ఉదయం పదకొండు గంటలకి మా కేంద్రంలో మీటింగు గదిలో ముగ్గురం కూర్చున్నాం. నౌకాదళం తరఫున కమొడోర్ కురియన్ వచ్చాడు. తెల్లటి బట్టల్లో, కలం చేతిలో పట్టుకుని, తక్కువ మాట్లాడే మనిషి.

"మీరు పెడితే నేను పెడతాను డాక్టర్," అన్నాడు.

"కమొడోర్ పెడితే నేను పెడతాను," అన్నాడు అనంతకృష్ణ.

అప్పుడర్థమైంది నాకు. ఆ కుర్చీల్లో ఒక్కరికీ సొంత బరువు లేదు. మంత్రి దగ్గర్నుంచి అందరూ కింద మెట్టు మీదున్న మనిషి వంక చూస్తున్నారు. ఆ కింద మెట్టు మీద ఉన్నది చేపలమ్మే చిన్నతల్లి కూతురు.

కలం తీసుకున్నాను. సంతకం గడిలో సంతకం చేయకుండా, పట్టినంత చిన్న అక్షరాలతో రాశాను:

"ఈ యంత్రానికి వేట నిషేధం రోజుల సముద్రం తెలియదు. నేను నేర్పలేదు. తప్పు నాది. అది విన్నది గొరక చేపల అరుపు. మూడో సంతకందారు కూడా ఈ నెల ఇరవైన తెడ్డుకి చెవి ఆనించి విన్నారు, చేపలేనని అన్నారు. కాబట్టి నిరాకరిస్తున్నాను."

ఆ కింద సంతకం పెట్టాను.

అనంతకృష్ణ చదివి తెల్లబోయాడు. "నిరాకరించానని ఒక్క ముక్క ఉంచండి. కారణం తీసేయండి. మీకే మంచిది."

"తియ్యను సార్. మొదటి కాగితంలో మీరంతా తలా ఒక ముక్కా తీశారు. దీంట్లోంచి ఒక్క అక్షరం కూడా తీయడానికి వీల్లేదు."

"మీ తమ్ముడు..."

"మా తమ్ముడి పేరు జారిపోతే, ఎవరి చేతిలోంచి జారిందో నాకు తెలుసు. అదీ రాస్తాను, ఇంకో గడి చూపించండి."

కురియన్ కాగితం తన వైపు తిప్పుకుని రెండుసార్లు చదివాడు. కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "మొదటి సంతకం లేదు. ఇక్కడ నాకు పని లేదు," అని లేచాడు. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "ఆ చేపలు తినడానికి బాగుంటాయా?"

"పులుసు పెడితే బాగుంటాయి సార్," అన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది నాకు.

*

సాయంత్రానికి నన్ను సస్పెండ్ చేశారు. గేటు దగ్గర గుర్తింపు కార్డు తీసుకున్నారు. ఇంటికెళ్లి అమ్మకీ అయ్యకీ అంతా చెప్పాను, ఫిబ్రవరి సంగతితో సహా. అయ్య బయటికెళ్లి తెప్ప మీద కూర్చున్నాడు. అమ్మ ఒక్క మాటా అనలేదు. తిట్టి, కొట్టి ఉంటే బాగుండేది. అన్నం పెట్టింది, కానీ నా ముఖం చూడలేదు.

ఇరవై ఎనిమిదిన చారల చొక్కా సంచిలో పెట్టుకుని విమానాశ్రయానికి వెళ్లింది. ఏడుగురు దిగారు. వాళ్లలో ఒకడు అమ్మ చేతులు పట్టుకుని ఏడ్చేశాడు. "ఆడూ మాతో వరసలోనే నిలబడ్డాడు పిన్నీ. అందరి పేర్లూ పిలిసినారు. ఆడి పేరు పిలవనేదు." అమ్మ అతని తల నిమిరి, చొక్కా సంచి పట్టుకుని బస్సెక్కి వచ్చేసింది.

బాంబులు పడలేదు. పోలింగ్ అయిపోయింది. ఎవరు గెలిచారన్నది ఇక్కడ అనవసరం. గుమ్మంలో దొంగ సంగతి మంత్రిగారు మర్చిపోయారు, జనమూ మర్చిపోయారు. నేను రాసిన కాగితం మాత్రం కమిటీ ముందు పడుంది, దాన్ని ఎవరూ మర్చిపోలేకపోయారు.

జూన్ పదిన అనంతకృష్ణ ఆఫీసు మనిషి కారులో ఉత్తరం తెచ్చాడు. అమ్మ వీధరుగు మీద ఎండుచేపలు ఏరుతోంది. నేను చదివి పక్కన పెట్టబోయాను.

"పైకి సదువు," అంది అమ్మ. పంతొమ్మిది రోజుల తరవాత నాతో అన్న మొదటి మాట.

చదివాను. ఆ నిరాకరణ తొందరపాటులో రాసిందని, వెనక్కి తీసుకుంటున్నానని ఒక్క వాక్యం రాసిస్తే చాలు. ఉద్యోగం తిరిగి ఇస్తారు. వచ్చే నెల జాబితాలో దానేసు పేరు ఉండేలా పరిశీలిస్తారు.

"నువ్వు రాసిందాంట్లో అబద్దమేటైనా ఉందా?"

"లేదమ్మా."

"మరయితే ఎనక్కెందుకు తీసుకోడం?" చేతులు కొంగుకి తుడుచుకుంది. "పిబ్రవరిలో నువ్వు నోరు మూసుకుంటే ఆడు పోనాడు. ఇప్పుడు మల్లీ మూసుకోమంతన్నారు. మూసుకున్నావంటే నా గుమ్మం తొక్కకు రత్తం. నాను ఒక కొడుకునే పోగొట్టుకున్నాను, దేసంలో అందరు కొడుకుల్నీ పోగొట్టమంటావేటి?"

నా చేతిలో ఉత్తరం లాక్కుంది. దాని మీద నాలుగు గుప్పిళ్ల ఎండు నెత్తళ్లు పోసి, గట్టిగా పొట్లం చుట్టి, పురికొస కట్టింది. వచ్చినతని చేతిలో పెట్టింది.

"మీ సారుకిచ్చీ. డబ్బులొద్దు. మా దానేసు పేరు రాసిన కాయితం తెమ్మను, ఆ రోజు కూకోబెట్టి సొరపుట్టు పెడతాను."

అతను పొట్లం పట్టుకునే కారెక్కాడు.

*

జూన్ పదిహేనున నిషేధం ఎత్తేశారు. ఉత్తరం వచ్చాక మధ్యలో ఉన్న నాలుగు రోజుల్లో అయ్య ఏం చేశాడో నాకు చెప్పలేదు. హార్బరుకి వెళ్లొచ్చాడు, విడుదలై వచ్చిన ఏడుగురినీ వెంటబెట్టుకుని అన్ని రేవులూ తిరిగాడు, అంతే తెలుసు. ఆ రోజు తెల్లారుతూనే "రావే" అని నన్ను తెప్పెక్కించుకున్నాడు.

రెండు కొండల గురుతు దగ్గరికి వచ్చేసరికి దక్షిణం నుంచి మర బోట్లు వరసకట్టి వస్తున్నాయి. రెండు నెలలు కట్టేసి ఉన్న ఇంజిన్లు ఒక్కసారి గొంతెత్తాయి. పసుపు కుంకాలు పెట్టిన ముక్కులు అలల్ని చీల్చుకుంటూ వచ్చాయి. నీళ్లన్నీ వణికాయి. తెడ్డు చెవికి ఆనించాను. గొరకలు నోరు మూసుకున్నాయి.

ఫోను మోగింది. రుబీనా డ్యూటీలో ఉంది. "మేడమ్, ఎర్ర చుక్క పోయింది! ఇంజిన్లు రాగానే ఆరిపోయింది. మీరు రాసింది రాసినట్టే అయింది."

"సరే," అన్నాను. గెలిచినట్టేమీ అనిపించలేదు. ఇంకా దానేసు రాలేదు.

అప్పుడు బోట్లు ఆగాయి. ఒకదాని తరవాత ఒకటి, అరవై పై చిలుకు బోట్లు, సరిగ్గా మా తీగ పరిచిన చోటి మీద ఇంజిన్లు ఆపేశాయి. సముద్రం ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోయింది. నాకేమీ అర్థం కాలేదు. అయ్య లేచి నిలబడి, తెడ్డు తిరగేసి పట్టుకుని, తెప్ప దుంగ మీద కొట్టాడు. అన్ని బోట్లలోనూ మనుషులు చేతికందినదానితో బోటు చెక్క మీద కొట్టారు. ఒకటి. రెండు. మూడు. ఏడు దెబ్బలు వరసగా కొట్టి ఆగారు. ఎనిమిదోది అందరూ ఒళ్లు మరిచి కొట్టారు. నా కాళ్ల కింద దుంగలు అదిరిపోయాయి.

"నువ్వాడ ఏటి పన్జేత్తావో నాకు తెలీదనుకున్నావేటే?" అన్నాడు అయ్య, రొప్పుతూ. "తీగ పరిసినోళ్లకి నీటి లోతు సూపించిందెవుడు? నానే. ఆ సెవి ఇన్నదాన్ని సెరపకూడదని నువ్వే సెప్పినావు కదా. ఇననీ."

మళ్లీ మొదలుపెట్టారు. ఏడు, ఆ తరవాత ఒకటి. ఫోను మళ్లీ మోగింది.

"మేడమ్, యంత్రం దీన్ని తేల్చుకోలేకపోతోంది," అంది రుబీనా. "తెలియని శబ్దం, మనిషి రాయాలి అంటోంది. ఇవాళ కమిటీకి వెళ్లాలిగా. ఏమని రాయమంటారు?"

"నన్నడుగుతావేం? నేను సస్పెండైనదాన్ని. నువ్వు విన్నది నువ్వు రాయి."

ఆ పిల్ల ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ఇంటిదగ్గర ముగ్గురు చెల్లెళ్లున్నారు. సంతకం పెట్టకపోయినా నేనేమీ అనుకునేదాన్ని కాదు.

తరవాత కాగితం మీద కలం గీసుకుంటున్న చప్పుడు వినిపించింది. రాస్తూ రాస్తూ పైకి చదివింది.

"అరవై నాలుగు పడవలు. ఇంజిన్లు వాళ్లే ఆపుకున్నారు. ఎనిమిది దెబ్బలు. ఏడుగురు వచ్చారు. ఎనిమిదో మనిషి గరికిన దానేసు, ఫిబ్రవరిలో ఈ యంత్రం విన్న బోటులోని వాడు. జాబితాలోంచి పేరు తీసేశారు. ఇంకా రాలేదు."

"కింద?" అన్నాను.

"సంతకం పెట్టేశాను మేడమ్," అంది రుబీనా.